నా కాగితం కింద ఆయన సంతకం

నిన్న మధ్యాహ్నం బట్టలు ఉతుక్కునే డోబీ షాపులో, ఆరబెట్టే యంత్రం ముందు కూర్చున్నాను. గదంతా వేడి గుడ్డల వాసన. గాజు తలుపు వెనక నా చీరలు గిరగిరా తిరుగుతున్నాయి. పక్క బెంచీ మీద ఒకాయన ఫోను అందరికీ వినపడేలా పెట్టుకుని వింటున్నాడు. ఇద్దరు అమెరికా మగవాళ్ల గొంతులు. ఒకరు ఏదో కోర్టు తీర్పు గురించి చెప్పారు, రెండోవారు గొంతులోనే నవ్వారు, అంతలో ఆ గొంతే అంతే గంభీరంగా పరుపుల ప్రకటన చదవడం మొదలుపెట్టింది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆ వరస బాగా తెలుసు. తీర్పు, నవ్వు, పరుపు. తొమ్మిదేళ్లపాటు ప్రతి శుక్రవారం ఆ గొంతులు విన్నాను. ఒళ్లు మండింది. ఫోను తగ్గించమని అడగబోయి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఒకరి నోరు ఆపమని అడగాల్సి వచ్చినప్పుడల్లా నాకు సింహాచలం మేస్టారు గుర్తొస్తారు. నన్ను అలా చెడగొట్టి వెళ్లిపోయారు ఆయన.

ఆయన బడి పంతులు కాదు. మా రేవు పట్టణం పోర్ట్ క్లాంగ్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా ఓడల కాగితాలు టైపు చేశారు. తెలుగు అక్షరాలు వచ్చు కాబట్టి అందరూ మేస్టారన్నారు. వాళ్ల నాన్న చిన్నప్పుడు తోట కూలీల ఇళ్ల లైన్లలో పలక మీద దిద్దించారట. రిటైరయ్యాక ఆయనకు ఫోనూ, బోలెడంత తీరికా దొరికాయి. ఆ తీరికంతా తీసుకెళ్లి అమెరికాకు ఇచ్చేశారు. సింగపూరు దాటి ఎన్నడూ వెళ్లని మనిషి, పొద్దున లేస్తే ఆ దేశపు రాజ్యాంగంలో ఏముందో, ఏ జడ్జి దాన్ని ఉన్నది ఉన్నట్టు చదివాడో, ఏ జడ్జి తన ఇష్టం కలిపి చదివాడో చెప్పేవారు. సర్కారు చిన్నదిగా ఉండాలి, కుటుంబం గట్టిగా ఉండాలి, కాలేజీలు పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాయి, ఎంత వెధవైనా సరే వాడి మాట వాణ్ణి చెప్పనివ్వాలి. ఇవీ ఆయన నమ్మకాలు. ఫోన్లో వినే ఆ మగవాళ్లూ ఇవే చెప్పేవాళ్లు.

మా తెలుగు సంఘం హాలు ఒక టైర్ల షాపు పైన ఉంది. గుమ్మం పక్కన మూడు భాషల్లో ఒక బోర్డు: ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు. ప్రెసిడెంటు నాయుడు గారు దాన్ని ఎన్నిసార్లు వేలు పెట్టి చూపించినా మేస్టారిది ఒకటే జవాబు. “అది మన దేశం రాజకీయం గురించి పెట్టినారు. అమెరికా అని ఎక్కడుందో సూపించండి.” నాయుడు గారు తల గోక్కుని, “సరిలెండి, అమెరికా అయితే మన తలుపు తట్టడానికి పోలీసులెవరూ రారు లా,” అని ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి వదిలేసేవారు. అలా శుక్రవారం భజన అయ్యాక కుర్చీలు గుండ్రంగా వేసుకోవడం, మేస్టారు ఫోన్లో ఒక ముక్క వినిపించడం, దాని మీద గంటసేపు వాదన, మాకు ఆచారమైపోయింది.

నేను అక్కడ టీ పెట్టేదాన్ని. తెలుక్ ఇంటాన్ దగ్గర పామాయిల్ తోటలో పుట్టాను. అమ్మా నాన్నా గెలల కోతకి పోతే తమ్ముళ్లని చూసుకోవడం నా పని, అందుకని బడి గుమ్మం ఎక్కలేదు. పెళ్లయ్యాక మా ఆయన లారీ వెంట పోర్ట్ క్లాంగ్ వచ్చాను, గిడ్డంగులు తుడిచాను. ఆయన పోయాక శుక్రవారాలు ఇంట్లో ఒంటరిగా ఉండలేక హాలుకి వచ్చి, లచ్చమ్మ అప్పతో కలిసి వంటగదిలో నిలబడ్డాను. అప్పటికి నాకు యాభై ఒకటి. ఎక్కడ సంతకం అడిగినా బొటనవేలే.

ప్రతి వారం మేస్టారు తాను విన్న అమెరికా చర్చను తెలుగులో రాసి హాల్లో గుడ్డ బోర్డుకు గుచ్చేవారు. ముత్యాల్లాంటి అక్షరాలు. చదివేవాళ్లే లేరు. ఇక్కడ పుట్టినవాళ్లం తెలుగు మాట్లాడతామే తప్ప లిపి రాదు. చదివితే తమిళం, లేకపోతే ఇంగ్లీషు. హైదరాబాదు నుంచి కంప్యూటరు ఉద్యోగాలకి వచ్చినవాళ్లకి చదవడం వచ్చుగానీ, వాళ్లు ఉగాదికి ఒక్కసారి వచ్చి బోర్డుకు వీపు తిప్పి ఫొటోలు దిగి పోయేవాళ్లు. ఒక శుక్రవారం నేను ట్రే పట్టుకుని ఆ కాగితం ముందు ఆగడం ఆయన చూశారు.

“ఏటి పైడమ్మా, సదువుతున్నావా?”

“నాకు సదువెక్కడిది మేస్టారూ. గుండ్రంగా బావున్నాయని సూస్తన్నాను.”

“కూకో. నేర్పుతాను.”

“టీ సల్లారిపోద్ది.”

“సల్లారనీ. తొమ్మిది నెల్లుగా రాస్తన్నాను, ఒక్కడూ సదవలేదు. నాకొక మనిషి కావాల.”

అలా మొదలైంది నా చదువు. నా మీద జాలితో కాదు, ఆయనకు పాఠకులు లేక. జాలి అయితే నేను రెండో వారమే మానేసేదాన్ని. అమ్మ, ఆవు అంటూ ఆయన నేర్పలేదు. నేరుగా బోర్డు ముందు కుర్చీ వేసి, కాగితంలో ఉన్న అక్షరాలే చూపించారు. నేను మొదటిసారి సొంతంగా కూడబలుక్కున్న మాట “తీర్పు”. రెండోది “హక్కు”. పప్పు, ఉప్పు లాంటివి చదవడం చాలా తర్వాత, సామాను పొట్లాల మీద వచ్చింది. అయితే ఆయన దగ్గర చదవడమంటే ఓపిక పరీక్ష. నేను ఒక మాటలో సగం దాకా వెళ్లేసరికి ఆయన మిగతా సగం అందుకుని, దాని అర్థం చెప్పి, దాని మీద తన అభిప్రాయం కూడా చెప్పేసేవారు.

“నన్ను సదవనీండి మేస్టారూ.”

“సదువు, సదువు. ఎవరొద్దన్నారు? కానీ ఆ జడ్జి ఏటి సేసినాడో తెలుసా...”

ఇక ఆ వాక్యం ఆ రోజుకి ముగిసేది కాదు. నేను రెండేళ్లలో నేర్చుకున్నది ఇంకెవరైనా ఆరు నెలల్లో నేర్పి ఉండేవారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో జెండా తగలబెట్టడం గురించి ఒక కాగితం పెట్టారు. అమెరికాలో తమ జెండాను తామే కాల్చినవాణ్ణి శిక్షించవచ్చా లేదా అన్నది వాదన. నేను నాలుగు శుక్రవారాలు కష్టపడి చదివి, వంటగదిలోంచి వచ్చి అడిగాను. “అలాటోణ్ణి ఏటి సెయ్యాలంటారు మీరు?”

“సెంప పగలగొట్టాలనిపిస్తాది.”

“అయితే జైల్లో ఎయ్యాల.”

“ఒద్దు.”

“అదేటి? మీకు కోపమే గదా.”

“కోపం నాది. జైలు సర్కారుది. నా కోపం తీసికెళ్లి సర్కారు సేతిలో పెడితే, రేపు ఇంకోడి కోపం నా మీదకే వస్తాది.”

ఆ రాత్రి గిడ్డంగి బస్సులో ఆ మాటే ఆలోచిస్తూ దిగాల్సిన చోటు దాటిపోయాను. ఇలాంటి మాట చెప్పగల మనిషి, ఎదురుగా ఉన్నది చూడలేకపోవడమే నాకు మింగుడు పడేది కాదు.

ఎదురుగా ఉన్నదేమిటంటే మా వంటగది. వాదన మొదలయ్యేసరికి ఆడవాళ్లం ఆరుగురం లోపల గ్లాసులు కడుగుతూ ఉండేవాళ్లం. చెక్క పలకల గోడ, మాటలన్నీ వినిపించేవి. ఎక్కడో అమెరికా కాలేజీలో ఒక పెద్దమనిషిని ఉపన్యాసం ఇవ్వనివ్వలేదని మేస్టారు గొంతు వణికించుకుంటూ చెప్పేవారు. “మాటాడనివ్వరా? మనిషిని మాటాడనివ్వరా?” అనేవారు. లచ్చమ్మప్ప సబ్బు చేత్తోనే గోడవైపు చూసి, “మన తాతకి కన్నీళ్లు వచ్చేస్తన్నాయే, ఒకరు పోయి తువ్వాలు ఇయ్యండి,” అనేది. మేము చేతులు తుడుచుకుని బయటికి వచ్చేసరికి మగవాళ్లు కుర్చీలు మడుస్తూ ఉండేవాళ్లు. ఒకసారి నేను పట్టుబట్టి గుండ్రం మధ్యకి వెళ్లి, “మేస్టారూ, నాకొక మాటుంది,” అన్నాను. “ఒక్క నిమిషం, ఇది ముగించనీ,” అన్నారు. ఆ నిమిషం లైట్లు ఆర్పేదాకా సాగింది.

అందుకని రాశాను. నా జీవితంలో మొదటిసారి ఒక పేజీ. మూడు వారాలు పట్టింది. అందులో ఇలా ఉంది: ‘ఈ హాల్లో ప్రతి శుక్రవారం మాట స్వేచ్ఛ గురించి మాట్లాడతారు. మాట్లాడేది మగవాళ్లు. అప్పుడు మేము గ్లాసులు కడుగుతాము. అమెరికాలో ఎవరికో మైకు ఇవ్వలేదని సింహాచలం మేస్టారు బాధపడతారు. గోడకు ఇవతల ఆరుగురం ఉన్నాము. మీ వంతు ఎప్పుడు అని ఆయన మమ్మల్ని అడగలేదు. ఆయన ఇతరుల మాట వినరు. మధ్యలో అడ్డం వస్తారు. నాకు అక్షరాలు నేర్పినది ఆయనే. అయినా ఇది నిజం. పైడమ్మ.’

ఆయన కాగితం పక్కనే గుచ్చాను. మేస్టారు వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నెమ్మదిగా చదివారు. ఆయన కళ్లజోడు తీసి నావైపు తిరిగారు.

“వినరు అన్నావే, అది తప్పు.”

“ఎలాగ మేస్టారూ? మొన్న నేను...”

“ఒక్క నిమిషం. నన్ను సెప్పనీ.”

నేను వంటగదిలోకి వెళ్లిపోయాను. మరుసటి శుక్రవారం ఆయన ఒక పెద్ద కట్ట కాగితం కప్పులు తెచ్చి వంటగది గట్టు మీద పెట్టి, “ఇంక కడగక్కరలేదు. సమస్య తీరిపోయినాది,” అన్నారు. లచ్చమ్మప్ప నవ్వలేక పొట్ట పట్టుకుంది. “సమస్య గ్లాసు కాదు మేస్టారూ, కుర్చీ,” అన్నాను. “కుర్చీలు సాలా ఉన్నాయి గదా,” అన్నారాయన, నిజంగా అర్థం కాకుండా.

ఈలోగా నేను పెద్దాయన్ని తిట్టి రాశానని మాట పాకింది. లచ్చమ్మప్పే గొప్పగా నలుగురికి చెప్పింది, ఆ నలుగురూ ఇంకోలా చెప్పారు. ఆదివారం పొద్దున కమిటీని పిలిచారు. నాయుడు గారు మంచివారే. వానకి కారే హాలు కప్పును దగ్గరుండి బాగు చేయించిన మనిషి. తగువంటే భయం.

“ఆ కాగితం తీసెయ్యాల,” అన్నారు. “మన పెద్దాయన్ని ఇలా రాస్తే హాలుకి మరియాద ఏటి?”

మేస్టారు అడిగారు. “మీరు సదివినారా?”

“నాకు తెలుగు సదవ రాదని తెలుసు గదా లా.”

“మరి తిట్టినాదని ఎలా తెలుసు?”

“అందరూ సెప్తన్నారు.”

“ఆ అందర్లో సదివినోడెవడు?”

ఆ గదిలో తొమ్మిదిమంది ఉన్నాం. ఆ కాగితాన్ని చదవగలిగినవాళ్లం ఇద్దరమే. రాసినది నేను, తిట్టించుకున్నది ఆయన. తీసెయ్యమంటున్న వాళ్లలో ఒక్కరికీ అందులో ఏముందో తెలియదు.

మేస్టారు లేచి వెళ్లి పిన్ను ఊడదీసి కాగితం తెచ్చారు. నిలబడి చదవడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు తట్టింది, ఆయన ఇప్పుడు ఏం చదివినా చెల్లుతుందని. ఒక వాక్యం దాటేయవచ్చు, ఒకటి మెత్తగా మార్చవచ్చు. పట్టుకోగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నా మాట నమ్మేవాళ్లు అక్కడ లేరు. నేను పెదవులు కదుపుతూ ఆయన వెంటే ప్రతి మాటా నడిచాను. ఒక్కటీ తగ్గించలేదు. ‘ఆయన ఇతరుల మాట వినరు’ దగ్గరికి వచ్చేసరికి కింద రోడ్డు మీద కంటైనరు లారీ ఒకటి మోతతో పోయింది, ఎవరికీ వినపడలేదు. వదిలేసినా ఎవరికీ తెలిసేది కాదు. లారీ పోయేదాకా ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి, కాస్త గట్టిగా చదివారు.

నాయుడు గారు నెత్తి మీద చెమట తుడుచుకున్నారు. సంఘం నిబంధనల పుస్తకం తెప్పించారు. అది ఇంగ్లీషులో ఉంది. వేలు పెట్టి చూపించారు. “ఇదిగో. బోర్డు మీద సభ్యులు పెట్టొచ్చు అని ఉన్నాది. పైడమ్మ మెంబరు కాదు. టీ పెడతాది, అంతే.”

మేస్టారు పుస్తకం తీసుకుని రెండుసార్లు చదివారు. రాసినదాన్ని రాసినట్టే చదవాలి, మన ఇష్టం కలపకూడదు అని అప్పటికి మూడేళ్లుగా మా చెవులు చిల్లులు పొడుస్తున్న మనిషి. ఆ ఒక్క పూట ఆయన తన ఇష్టం కలిపి చదవాలని నేను కోరుకున్నాను. ఆయన పుస్తకం మూసి, “రాసింది రాసిందే. పైడమ్మకి హక్కు లేదు,” అన్నారు.

వేడి టీ ఆయన నెత్తిన పోయాలనిపించింది. ఇంతలో ఆయన జేబులోంచి పెన్ను తీసి, నా కాగితం కింద ‘బోర్డు మీద పెట్టినది: సింహాచలం, సభ్యుడు’ అని రాసి సంతకం చేశారు. మళ్లీ తీసుకెళ్లి గుచ్చారు.

“ఇప్పుడు నేను పెట్టినాను. తియ్యండి సూద్దాం.”

“మీ మీద మీరే కంప్లైంటు పెట్టుకుంటారా?” అన్నారు నాయుడు గారు.

“పెట్టుకోకూడదని ఎక్కడైనా ఉందా?”

అందరూ నవ్వేశారు. కాగితం ఉండిపోయింది. కానీ మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది, కోపంతో. “నా కాగితం మీద మీ పేరేటి?” అన్నాను.

“లేకపోతే తీసేసేవోళ్లు.”

“ఇప్పుడు కింద మీ సంతకం సూసి ఇది కూడా మీ అమెరికా గొడవే అనుకుంటారు.”

“సదివినోళ్లకి తెలుస్తాది గదా.”

“సదివేవోళ్లు ఎవరు? మీరూ, నేనూ.”

ఆయన ఒక మెట్టు మీద ఆగిపోయారు. “నిజమే,” అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. మళ్లీ దిగుతూ, “అయితే మెంబరు అవ్వు. అప్పుడు నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకో,” అన్నారు.

“నేను రాసింది నిజమని ఒప్పుకుంటున్నారా?”

“లేదు. నేను వింటాను. నువ్వు తప్పు రాసినావు.”

“మరెందుకు నిలబెట్టినారు?”

“తప్పని రుజువు సెయ్యాలంటే అది గోడ మీద ఉండాల గదా.”

మరుసటి వారం సభ్యత్వం ఫారం అడిగాను. కార్యదర్శి అలవాటు ప్రకారం సిరా పెట్టె తెరిచి నా ముందుకు జరిపారు. పెన్ను ఇమ్మన్నాను. అన్ని గళ్లూ ఇంగ్లీషులో ఉన్నాయి, మేస్టారు ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే నేను తెలుగులో నింపాను. ఆ కాగితాన్ని మళ్లీ శుభ్రంగా రాసి, కింద నా పేరూ, ‘సభ్యురాలు’ అనీ రాసి, నా చేత్తో గుచ్చాను. శుక్రవారం భజన అయ్యాక గ్లాసులు గట్టు మీదే వదిలేసి గుండ్రంలో ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. లచ్చమ్మప్ప గుమ్మంలోంచి చూసి, కొంగుకి చేతులు తుడుచుకుని, ఇంకో కుర్చీ తెచ్చుకుంది.

మేస్టారు ఫోను ఆపి, “పైడమ్మా, మాటాడు,” అన్నారు.

గ్లాసుల గురించి మాట్లాడతాననుకున్నాను. నోట్లోంచి వేరేది వచ్చింది. “మీ ఫోన్లో ఆ మనుషులు, ఫలానా పెద్దమనిషికి కాలేజీలో మైకు ఇవ్వలేదని వారం వారం ఏడుస్తారు. ఆయనకి వేరే సోట పది మైకులు ఉన్నాయి. ఆయన ఏటి సెప్పాలనుకున్నాడో మనకే తెలిసిపోయినాది, పోర్ట్ క్లాంగ్‌లో కూకుని. మైకే ఎరగనోళ్ల గురించి వాళ్లు ఎప్పుడైనా ఒక పూట మాటాడినారా?”

మేస్టారు “లేదు,” అన్నారు. నా వీపు నిటారైంది. “కానీ అది వేరే విషయం. ఎందుకంటే...” అని మొదలుపెట్టి అరగంట మాట్లాడారు. మధ్యలో నేను నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగోసారి లచ్చమ్మప్ప, “తాతా, అడ్డం వస్తన్నావు,” అంది. ఆయన ఆశ్చర్యపోయి ఆగారు. నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఆ తర్వాత ఆరేళ్లు వాదించుకున్నాం. ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కోవడం ఆచారమైంది. ఆయన మాత్రం తన కాగితం కప్పులోనే తాగారు, అది సూత్రమన్నట్టు. ఏ విషయంలోనూ నాతో ఏకీభవించలేదు. నా ప్రతి కాగితానికీ బోర్డు మీద జవాబు రాశారు, నాది ఒక పేజీ అయితే ఆయనవి మూడు.

పోయిన సంవత్సరం ఆయన పోయారు. పదకొండో రోజు తర్వాత హాల్లో సంతాప సభ పెట్టారు. నాయుడు గారు నన్నే మొదట మాట్లాడమన్నారు. వంటగదిలో ఎవరూ లేరు, ఆడవాళ్లందరూ ముందు వరసలో ఉన్నారు. మంచి మాటలు చెబుతాననుకున్నారు. నేను ఉన్నది చెప్పాను. ఆయన మొండి మనిషి అన్నాను. సముద్రం అవతలి అన్యాయం కనిపించేది, గోడ అవతలిది కనిపించేది కాదు అన్నాను. ఆయన ఎవరి మాటా పూర్తిగా వినలేదు, నాది అసలే వినలేదు అన్నాను. తన మీద రాసిన మాటను, లారీ మోతలో పోయిందని, రెండోసారి చదివిన మనిషి ఆయన తప్ప నాకు ఇంకెవరూ తెలియదు అని కూడా అన్నాను. వెనక వరసలో ఎవరో, పోయినోళ్ల గురించి ఇలా మాటాడొచ్చా అని గొణిగారు. నాయుడు గారు వాళ్లవైపు తిరిగి, “మాటాడనీండి లా,” అన్నారు.

పది నిమిషాలు మాట్లాడాను. ఎవరూ అడ్డం రాలేదు. అనుకున్న మాటలన్నీ, అనుకున్న వరసలో, మొదటినుంచి చివరిదాకా చెప్పగలగడం నా జీవితంలో అదే మొదలు. అది నాకు ఏమీ నచ్చలేదు. ‘వినలేదు’ అన్నచోట ఆయన లేచి ‘ఒక్క నిమిషం’ అనాలి. నేను అక్కడ నిజంగానే ఆగాను, కుర్చీల వైపు చూశాను, తర్వాత నా మాట నేనే ముగించుకున్నాను.

ఇప్పుడు శుక్రవారం కాగితం నేనే రాస్తున్నాను. ఒక పేజీ రాయడానికి మూడు రోజులు పడుతోంది. ప్రతి వాక్యం దగ్గరా ఆయన ఏమనేవారో ఊహించి, దానికి జవాబు చెప్పి, అప్పుడు గానీ ముందుకు కదలలేను. ఇది రాస్తున్నప్పుడూ అంతే. తొమ్మిదేళ్లు వినలేదన్నావు, ఎన్ని శుక్రవారాలు లెక్కపెట్టినావు అంటారు. వినకపోతే జవాబులెలా రాసినాను అంటారు. ఉండండి మేస్టారూ, నన్ను ముగించనీండి.